కంప్యూటర్ కట్టేస్తే రూల్స్ కూడా ఆగిపోతున్నాయి. ఆఫీసు మెయిల్‌ని సబ్‌ఫోల్డర్లలోకి సర్దేదెలా?

వన్‌టౌన్ డాక్స్ టేబుల్ (ప్రశ్న)

నమస్కారమండి. వైజాగ్ వన్‌టౌన్‌లో ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో ఇంపోర్ట్ డాక్యుమెంట్లు చూస్తాను. మా అందరికీ కలిపి మెయిల్ ఐడీ ఒక్కటే. నేను ఆఫీసు కంప్యూటర్‌లో పాత అవుట్‌లుక్‌లో చూస్తాను. ఫీల్డ్‌లో తిరిగే తమ్ముళ్ళిద్దరూ, అకౌంట్స్ ఆవిడా, మా సారూ ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకుంటారు. ఆ ఐడీకి రాని మెయిల్ అంటూ లేదు. షిప్పింగ్ లైన్ల అరైవల్ నోటీసులు (సరుకు ఓడ వస్తోందని చెప్పేవి), డీఓ (సరుకు అప్పగించమనే డెలివరీ ఆర్డర్) ఛార్జీల ఇన్‌వాయిస్‌లు, కస్టమ్స్ వాళ్ళ పోర్టల్ ఐస్‌గేట్ నుంచి ఆటోమేటిక్‌గా వచ్చేవి, వారం వారం వెసెల్ షెడ్యూళ్ళు, పలాస జీడిపిక్కల పార్టీలు పంపే ప్యాకింగ్ లిస్టులు, తుక్కు ఇనుము పార్టీల ఫోటోలు. "అటాచ్‌మెంట్ చూడగలరు" అని రాసి అటాచ్‌మెంట్ పెట్టడం మర్చిపోయినవి వేరే. పొద్దున్నే ఇన్‌బాక్స్ తెరిస్తే పండగ ముందు పూర్ణా మార్కెట్‌లా ఉంటుంది.

అందుకని పార్టీకో సబ్‌ఫోల్డర్ చేసి, సబ్జెక్ట్‌లో ఆ పార్టీ పేరుంటే అందులోకి వెళ్ళిపోయేలా రూల్స్ పెట్టాను. నా టేబుల్ మీద చూస్తే ముచ్చటగానే ఉంది. గొడవంతా బయట.

సోమవారం పొద్దున మా తమ్ముడు సీఎఫ్‌ఎస్ (కంటైనర్లు ఉంచే యార్డు) గేటు దగ్గర నిలబడి, గేట్‌పాస్ పీడీఎఫ్ చూపించడానికి ఫోన్లో మెయిల్ తీశాడు. మెయిల్ ఉంది. అటాచ్‌మెంట్ మీద వేలు పెట్టేలోపు మాయమైంది. అదే టైముకి నేను ఆఫీసుకొచ్చి సిస్టమ్ ఆన్ చేశాను. "అక్కా, ఇప్పుడే కనిపించింది, ఇప్పుడే లేదు, ఎవరు డిలీట్ చేశారు" అని ఫోన్. వెనకాల లారీ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. వెతికితే పార్టీ ఫోల్డర్‌లో ఉంది. శనివారం సాయంత్రం నుంచి వచ్చినవన్నీ అలాగే ఇన్‌బాక్స్‌లో పడుండి, నా సిస్టమ్ లేవగానే ఒక్కసారిగా ఫోల్డర్లలోకి పోయాయి.

ఇంకో రెండు చికాకులున్నాయి. కొన్ని మెయిల్స్ రెండు ఫోల్డర్లలో రెండు కాపీలుగా కనిపిస్తున్నాయి. రామ్ అనే మాటతో మొదలయ్యే పార్టీకి ఇంగ్లీషులో ఆ మూడు అక్షరాలే పెట్టాను. వెసెల్ ప్రోగ్రామ్ అని వచ్చిన ప్రతి షెడ్యూలూ వాళ్ళ ఫోల్డర్‌లోకే చేరుతోంది!

రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లో పెట్టి వెళ్ళమంటారా? మా సారు కరెంటు బిల్లు మాటెత్తుతారు. వేరే దారి ఉంటే చెప్పండి.

మధురవాడ మెయిల్ అడ్మిన్

మేడమ్, కంప్యూటర్ ఆన్‌లో ఉంచక్కర్లేదు. ముందు ఒకటి చూసి చెప్పండి. అవుట్‌లుక్‌లో ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్ తెరిస్తే మీ ఐడీ పక్కన ఐమ్యాప్ అనో, పాప్ అనో, ఎక్స్ఛేంజ్ అనో రాసుంటుంది. అవి సర్వర్ నుంచి మెయిల్ తెచ్చుకునే పద్ధతులు. జవాబంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఎక్స్ఛేంజ్ అయితే రూల్ మామూలుగా సర్వర్‌లోనే కూర్చుంటుంది. మీ సిస్టమ్ ఆపినా అది పనిచేస్తుంది. ఒక మినహాయింపు ఉంది: శబ్దం చేయమనో, ప్రింట్ తీయమనో, మీ డిస్క్‌లో అవుట్‌లుక్ మెయిల్ దాచుకునే పీఎస్‌టీ ఫైల్‌లోకి జరపమనో చెప్పారా, ఆ రూల్ పక్కన "ఈ కంప్యూటర్‌లో మాత్రమే" అన్న అర్థంతో ఒక ముక్క చేరుతుంది. అప్పుడది మీ సిస్టమ్‌తో పాటే పడుకుంటుంది. ఐమ్యాప్ అయితే అవుట్‌లుక్‌లో రాసిన రూల్స్ అన్నీ ఈ బాపతే. అవుట్‌లుక్ తెరిచి ఉన్నప్పుడే మెయిల్‌ని తీసి జరుపుతుంది. ఆ జరపడం సర్వర్‌లో కూడా నమోదవుతుంది కాబట్టే మీ తమ్ముడి ఫోన్లోంచి కూడా పోయింది. అవుట్‌లుక్ బదులు థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ వాడినా ఇదే కథ.

పాప్ అయితే అసలు ఫోల్డర్ల ఆశే వద్దు. పాప్‌కి ఇన్‌బాక్స్ తప్ప ఇంకోటి తెలీదు. మీరెన్ని సబ్‌ఫోల్డర్లు చేసినా అవి మీ డిస్క్ మీదే ఉంటాయి, ఫోన్లకి కనపడవు.

రెండు కాపీల సంగతి: రూల్స్ పై నుంచి కిందికి వరసగా నడుస్తాయి. ఒక మెయిల్ మొదటి రూల్‌కి తగిలాక అక్కడితో ఆగిపోదు, కింద వాటికీ తగులుతుంది. ఒకే సబ్జెక్ట్‌లో ఇద్దరు పార్టీల పేర్లుంటే రెండు చోట్లకీ పోతుంది. రూల్ చివర్లో "ఇక మిగతా రూల్స్ చూడొద్దు" అనే టిక్ ఉంటుంది, అది పెట్టండి. అది పెట్టాక వరస ముఖ్యమవుతుంది. అన్నిటికన్నా గట్టిగా పట్టుకునే రూల్ పైన, అందరికీ తగిలే వదులు రూల్ కింద.

ప్రోగ్రామ్ సంగతి: అవుట్‌లుక్ మాటని మాటగా చూడదు, అక్షరాల వరసగా చూస్తుంది. మీ మూడు అక్షరాలు ఏ మాట కడుపులో ఉన్నా దానికి చాలు. పార్టీ పూర్తి పేరు పెట్టండి. లేదా వాళ్ళ మెయిల్ అడ్రస్‌లో ఎట్ గుర్తు తర్వాత వచ్చే భాగం పెట్టండి.

వన్‌టౌన్ డాక్స్ టేబుల్

ఐమ్యాప్ అండి. మెయిల్ మా వెబ్‌సైట్ హోస్టింగ్‌తో పాటే వచ్చింది. బయట నుంచి చూడాల్సొస్తే సీప్యానెల్ (హోస్టింగ్ నడిపే సాఫ్ట్‌వేర్) వాళ్ళ వెబ్‌మెయిల్ పేజీ తెరుచుకుంటుంది. హోస్టింగ్ పాస్‌వర్డ్ మాత్రం మా సారు దగ్గరే. అడిగితే "ఇప్పుడు బాగానే ఉంది కదా" అంటారు.

మధురవాడ మెయిల్ అడ్మిన్

సారు పాస్‌వర్డ్ అక్కర్లేదు. వెబ్‌మెయిల్‌లోకి మీ ఐడీ, మీ పాస్‌వర్డ్‌తోనే వెళ్ళండి. అక్కడ సెట్టింగ్స్ మెనూలో ఈమెయిల్ ఫిల్టర్స్ అని ఉంటుంది. అక్కడ రాసింది సర్వర్‌లోనే ఉండి, మెయిల్ వచ్చిన క్షణంలోనే సరైన ఫోల్డర్‌లో పడేస్తుంది. ఇన్‌బాక్స్‌లో కనపడి మాయమవడం ఉండదు. అది రాయగానే అవుట్‌లుక్‌లో అదే పని చేసే రూల్‌ని తీసేయండి. రెండు చోట్లా ఉంచితే ఏది ఎప్పుడు జరిపిందో పట్టుకోలేక మీకే తలనొప్పి.

ఫోల్డర్లు ముందు వెబ్‌మెయిల్‌లోనే చేయండి. అవి అవుట్‌లుక్‌లో కనపడకపోతే కంగారు పడకండి. ఎడమ పక్క మీ అకౌంట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఐమ్యాప్ ఫోల్డర్స్ తెరిచి, క్వెరీ నొక్కి, కొత్త ఫోల్డర్‌ని సబ్‌స్క్రయిబ్ చేయాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి "ఫిల్టర్ నా మెయిల్ మింగేసింది" అంటారు.

ఒకే ఫిల్టర్‌లో రెండు షరతులు పెట్టినప్పుడు వాటి మధ్య "మరియు"నా "లేదా"నా అన్నది చూసుకోండి. పంపినవాళ్ళు ఫలానా షిప్పింగ్ లైన్, సబ్జెక్ట్‌లో ఫలానా మాట: ఈ రెండూ ఉండాలంటే "మరియు". అక్కడ "లేదా" ఉండిపోతే ఆ లైన్ పంపిన ప్రతిదీ కొట్టుకుపోతుంది. అవుట్‌లుక్‌లో అయితే వేరు వేరు షరతులు ఎప్పుడూ "మరియు", ఒకే షరతులో చేర్చిన మాటలు ఎప్పుడూ "లేదా". వెబ్‌మెయిల్ ఫిల్టర్ల పేజీలో పరీక్షించే పెట్టె కూడా ఉంటుంది. పాత మెయిల్ ఒకటి అందులో అతికిస్తే ఏ ఫిల్టర్ తగులుతుందో చెబుతుంది.

మీ పనికి పనికొచ్చే చిట్కా ఒకటి. అక్కడ రెజెక్స్ (అక్షరాలు, అంకెలు ఏ వరసలో ఉండాలో చెప్పే నమూనా) కూడా రాయొచ్చు. కంటైనర్ నంబర్ ఎక్కడైనా ఒకటే పద్ధతి కదా: ఓనర్ కోడ్ మూడు అక్షరాలు, తర్వాత యూ, ఆపైన ఏడు అంకెలు, అందులో చివరిది చెక్ డిజిట్ (నంబర్ సరిగ్గా రాశారో లేదో సరిచూసే అంకె). ఆ నమూనా సబ్జెక్ట్‌లో ఉంటే అది ఒక కంటైనర్‌కి సంబంధించిన మెయిల్ అని తెలిసిపోతుంది. అవుట్‌లుక్ రూల్స్‌కి ఈ తెలివి లేదు.

పాత సీహెచ్‌ఏ (కస్టమ్స్ బ్రోకర్), దొండపర్తి

అమ్మా, అడ్మిన్ గారు చెప్పిందంతా నిజమే. కానీ సర్వర్‌లో పెట్టినంత మాత్రాన మీ తమ్ముడికి గేట్‌పాస్ దొరకదు. సోమవారం మాయమైన మెయిల్ ఇకపై ముందే మాయమై ఉంటుంది, అంతే తేడా. చాలా ఫోన్లు ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన దానికే మోగుతాయి. సబ్‌ఫోల్డర్‌లోకి నేరుగా పోయినదానికి కిమ్మనవు. ఐఫోన్‌లో ఎక్స్ఛేంజ్ లాంటి కొన్ని రకాల అకౌంట్లకి, ఏ ఫోల్డర్లకి పుష్ (మెయిల్ రాగానే ఫోన్‌కి చేరడం) కావాలో అకౌంట్ సెట్టింగ్‌లో ఎంచుకోవచ్చు గానీ, అందరి ఫోన్లలోనూ అది చేయించి, కొత్త ఫోల్డర్ వచ్చినప్పుడల్లా మళ్ళీ చేయించే ఓపిక ఎవరికుంది?

పార్టీ వారీగా రూల్ పెట్టడమే మన లైన్‌కి పొసగదంటాను. మన దగ్గర ఒకే పార్టీ మెయిల్స్‌లో ఒకటి ఈ గంటలో చూడాల్సింది, ఇంకోటి వచ్చే ఏడాది ఆడిట్‌కి తప్ప అక్కర్లేనిది. రెండూ ఒకే ఫోల్డర్‌లో పక్కపక్కన పడుంటే ఏది నిప్పో ఏది బూడిదో తెలీదు. అరైవల్ నోటీసు ఎంత తొందరో మీకు చెప్పక్కర్లేదు గానీ మిగతా చదివేవాళ్ళ కోసం చెబుతున్నా. 2021లో కస్టమ్స్ చట్టం మార్చాక, ఓడ వచ్చే రోజుకి ముందు రోజు ముగిసేలోపే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు గురించి కస్టమ్స్‌కి ఇచ్చే డిక్లరేషన్) వేయాలి. ఆ ముందు రోజు సెలవైనా సరే. శ్రీలంక, బంగ్లాదేశ్ లాంటి దగ్గర రేవుల నుంచి వచ్చేవాటికి కాస్త వెసులుబాటు ఉంది. దాటితే మొదటి మూడు రోజులూ రోజుకి 5,000 రూపాయలు, ఆపైన రోజుకి 10,000. షిప్పింగ్ లైన్ వాళ్ళ ఫ్రీ డేస్ (కంటైనర్‌ని ఛార్జీ లేకుండా ఉంచుకునే రోజులు) దాటితే పడే డిటెన్షన్ ఛార్జీ దీనికి అదనం. అంత బరువున్న మెయిల్‌ని మడతపెట్టి బీరువాలో దాచే రూల్ ఎవరికి మేలు?

నేను ఆఫీసు నడిపినన్నాళ్ళూ ఇన్‌బాక్స్‌లోంచి చెత్త తీసేయడానికే రూల్స్ వాడాం. వెసెల్ షెడ్యూళ్ళు ఒక ఫోల్డర్. రేట్ సర్క్యులర్లు, పండగ శుభాకాంక్షలు, వెబినార్ పిలుపులు ఇంకో ఫోల్డర్. మనకి సీసీలో మాత్రమే పెట్టినవి మూడో దాంట్లో. ఈ మూడు తీస్తే మీ ఇన్‌బాక్స్ సగానికి పైగా ఊపిరి పీల్చుకుంటుంది. మిగిలింది పని. అది ఇన్‌బాక్స్‌లోనే ఉండాలి, అందరికీ కనపడాలి, అందరి ఫోన్లూ మోగాలి. జాబ్ క్లోజ్ చేసి బిల్లు వేసిన రోజున ఆ జాబ్ మెయిల్స్ అన్నీ కలిపి చేత్తో పార్టీ ఫోల్డర్‌లోకి లాగండి. సబ్జెక్ట్‌లో జాబ్ నంబర్ రాసే అలవాటు చేసుకుంటే అది నిమిషం పని. ఫోల్డర్‌లో ఉందంటే పని అయిపోయినట్టు, ఇన్‌బాక్స్‌లో ఉందంటే ఇంకా మిగిలినట్టు. ఫీల్డ్ కుర్రాళ్ళకి వేరే ట్రైనింగ్ కూడా అక్కర్లేదు.

ఐస్‌గేట్ మెయిల్స్‌తో మాత్రం జాగ్రత్త. చాలా ఆఫీసుల్లో "ఐస్‌గేట్ నుంచి వచ్చినదంతా ఒక ఫోల్డర్" అని మొట్టమొదట పెట్టే రూల్ ఇదే. 2020 ఏప్రిల్ నుంచి అవుట్ ఆఫ్ ఛార్జ్ (సరుకు తీసుకెళ్ళొచ్చని కస్టమ్స్ ఇచ్చే అనుమతి) కాపీ, గేట్‌పాస్ రెండూ పీడీఎఫ్‌లుగా మెయిల్‌కే వస్తున్నాయి. అంటే గేటు దగ్గర కుర్రాడికి కావాల్సిందీ, ఎవరూ చదవని రసీదూ ఒకే అడ్రస్ నుంచి వస్తాయి. పంపినవాళ్ళని బట్టి రూల్ పెట్టొద్దు. మీకు వచ్చిన ఒక నెల మెయిల్స్ ముందేసుకుని సబ్జెక్టులు ఎలా ఉన్నాయో చూసి, రసీదులకి మాత్రమే పెట్టండి. ఏ సబ్జెక్ట్ గురించి అనుమానం ఉన్నా దాన్ని వదిలేయండి, ఇన్‌బాక్స్‌లో ఉండనివ్వండి.

ఎంవీపీ కాలనీ, ఎవరో ఒకరు

ఇన్ని ఫోల్డర్లెందుకండి, జీమెయిల్‌కి మారిపోండి, వెతికితే ఏదైనా దొరుకుతుంది.

మధురవాడ మెయిల్ అడ్మిన్

వెతకాలంటే ఏం వచ్చిందో ముందు తెలియాలి కదా సార్. అయినా ఒక మాట నిజమే, జీమెయిల్‌లో ఫోల్డర్ బదులు లేబుల్. ఒకే మెయిల్‌కి రెండు లేబుల్స్ తగిలించొచ్చు, కాపీలు పుట్టవు. ఇన్‌బాక్స్‌లో ఉంచుతూనే లేబుల్ వేయొచ్చు, "ఇన్‌బాక్స్ దాటవేయి" అన్న టిక్ పెట్టకపోతే చాలు. ఆండ్రాయిడ్‌లో లేబుల్ వారీగా నోటిఫికేషన్ పెట్టుకోవచ్చు. మేడమ్ గారి ప్రోగ్రామ్ సమస్య కూడా అక్కడ రాదు, అది పూర్తి మాటనే పోలుస్తుంది. కానీ ఫిల్టర్ రాయాలంటే కంప్యూటర్ బ్రౌజర్‌లోకే వెళ్ళాలి, ఫోన్ యాప్‌లో కుదరదు. ఇక ఆఫీసు డొమైన్‌ని మార్చడమంటే సారు కరెంటు బిల్లు కన్నా పెద్ద చర్చ.

గాజువాక అకౌంట్స్

అందరూ సర్దడం గురించే మాట్లాడుతున్నారు, నా బాధ వేరే. మీ లైన్‌లో వచ్చే దొంగ మెయిల్స్‌కి ఎక్కువగా ఉండే సబ్జెక్టులేంటో తెలుసు కదా? అరైవల్ నోటీస్, బీఎల్ (ఓడ సరుకు రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్) డ్రాఫ్ట్, పేమెంట్ అడ్వైస్. లోపల జిప్ ఫైలో, లాగిన్ అడిగే లింకో ఉంటుంది. సబ్జెక్ట్‌ని బట్టి మాత్రమే రూల్ పెడితే ఆ దొంగ కూడా నేరుగా వెళ్ళి పార్టీ ఫోల్డర్‌లో దర్జాగా కూర్చుంటాడు. అక్కడ కనిపిస్తే ఎవరైనా మనవాడే అనుకుని తెరుస్తారు. అందుకని పంపినవాళ్ళ అడ్రస్ కూడా షరతులో ఉండాలి. అది కూడా పైకి కనిపించే పేరు కాదు, అసలు అడ్రస్. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. అడ్రస్‌ని కూడా నకిలీ చేసేవాళ్ళున్నారు గానీ, సగం మంది ఇక్కడే ఆగిపోతారు.

రెండోది. రూల్స్ పేజీ తెరిచారు కాబట్టి మీరు రాయని రూల్ ఏదైనా ఉందేమో కూడా చూడండి. మెయిల్ పాస్‌వర్డ్ దొంగిలించినవాడు లోపలికి రాగానే చేసే మొదటి పనుల్లో ఒకటి రూల్ రాయడం. ఇన్‌వాయిస్, పేమెంట్, బ్యాంక్ లాంటి మాటలున్న మెయిల్ వస్తే చదివినట్టు గుర్తు పెట్టి, అవుట్‌లుక్‌లో ఎవరూ తొంగిచూడని ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్ (వెబ్‌సైట్ల కొత్త పోస్టులు చేరే) ఫోల్డర్‌లోకి తోసేయమంటాడు. లేదా బయటి అడ్రస్‌కి ఫార్వర్డ్ చేయమంటాడు. ఆ తర్వాత పార్టీకి మీ పేరుతో "మా బ్యాంక్ అకౌంట్ మారింది" అని రాస్తాడు. పార్టీ "నిజమేనా అండి" అని అడిగిన జవాబు మీ కంటికి కనపడదు. ఆ రూల్ పేరు చుక్కో కామానో ఉంటుంది, గబుక్కున చూస్తే ఖాళీ గీతలా ఉంటుంది. అవుట్‌లుక్‌లో ఒకసారి, వెబ్‌మెయిల్‌లో ఒకసారి, రెండు చోట్లా చూడాలి. ఐదుగురు ఒకే పాస్‌వర్డ్ వాడే ఐడీ అయితే మరీను.

వన్‌టౌన్ డాక్స్ టేబుల్

అందరికీ చాలా థాంక్సండి. పార్టీ రూల్స్ అన్నీ తీసేశాను. వెబ్‌మెయిల్‌లో మూడే పెట్టాను: షెడ్యూళ్ళు, సర్క్యులర్లు, ఐస్‌గేట్ రసీదులు. సీసీ రూల్ వద్దనుకున్నాను. మా పార్టీలు సగం మంది పని మాకే చెబుతూ మమ్మల్ని సీసీలోనే పెడతారు, దొండపర్తి సార్ రోజుల్లో మర్యాదలు వేరేమో. మీరు చెప్పగానే రూల్స్ జాబితా కూడా చూశాను, చుక్క పేరుతో ఏదీ లేదు, అయినా పాస్‌వర్డ్ మార్చేశాం. తమ్ముళ్ళిద్దరి ఫోన్లలో కొత్తది కొట్టించేసరికి మధ్యాహ్నమైంది.

ఒక్క సందేహం. ఇన్‌బాక్స్‌లో పాత షెడ్యూళ్ళు గుట్టలుగా ఉన్నాయి. కొత్త ఫిల్టర్ వాటిని ముట్టుకోవడం లేదు. సరిగ్గా రాయలేదా?

మధురవాడ మెయిల్ అడ్మిన్

సరిగ్గానే రాశారు. సర్వర్ ఫిల్టర్ కొత్తగా వచ్చేదాన్నే చూస్తుంది, లోపలికి వచ్చేసినదాని జోలికి పోదు. పాతవాటికి అవుట్‌లుక్ పనికొస్తుంది. అక్కడ తాత్కాలికంగా అదే రూల్ రాసి, రూల్స్ విండోలో "రన్ రూల్స్ నౌ" నొక్కి, ఇన్‌బాక్స్ ఎంచుకుని, చదివినవీ చదవనివీ అన్నిటికీ నడపండి. అయిపోగానే ఆ రూల్ తీసేయండి. గుట్ట పెద్దదైతే కాస్త టైము పడుతుంది, అందరూ మెయిల్ చూసే పొద్దుటి పూట కాకుండా సాయంత్రం ఐదు తర్వాత నడపండి. సిస్టమ్ మాత్రం అది పూర్తయ్యేదాకా ఆపొద్దు.